మందారం తాగిన నీళ్లు

2023 జూన్. హనుమకొండ సుబేదారిలో ఒక మూడంతస్తుల కాంప్లెక్సు, దాని మెట్ల కింద నా డీటీపీ దుకాణం. మెట్ల కింద అన్నానని మరీ చిన్నదనుకోకండి. నేను, కంప్యూటరు, ప్రింటరు, యూపీఎస్, నలుగురం హాయిగా పడతాం. గిరాకీ వస్తే మాత్రం ఎవరో ఒకరం బయటికి పోవాలి, సాధారణంగా నేనే పోతాను. ఆ కంప్యూటరు కాకతీయుల కోట తవ్వకాల్లో బయటపడిందని అందరికీ చెబుతుంటాను, ఇప్పటిదాకా ఒక్కరూ అనుమానపడలేదు. పొద్దున దాన్ని ఆన్ చేసి, ఛాయ్ తాగి, కటింగ్ చేయించుకుని, ఒక పెళ్లికి పోయి అప్పగింతలు కూడా చూసి వచ్చినా తెర మీద ఆ గుండ్రటి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

డీటీపీ అంటే డెస్క్‌టాప్ పబ్లిషింగ్. మీరు కాగితం మీద గీకి తెచ్చినదాన్ని మేం మ్యాటర్ అంటాం. దాన్ని కంప్యూటర్లో కొట్టి, బొమ్మలు అతికించి, అచ్చుకు సిద్ధం చేస్తాం. బయటివాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, మా అసలు పనితనం అక్షరాలు కొట్టడంలో లేదు, బొమ్మల్లో తుడవడంలో ఉంది. దానికి క్లోన్ అని ఒక పనిముట్టు. బొమ్మలో బాగున్న చోటు నుంచి రంగు ఎత్తి బాగాలేని చోట పూస్తుంది. దాంతో నేను ఉమ్మడి జిల్లాలో సగం బట్టతలల మీద జుట్టు మొలిపించాను. ఒక లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయన పొట్టను లోపలికి నెట్టీ నెట్టీ, చివరికి ఆయన వెనక నిలబడ్డ బావమరిది పూర్తిగా కనబడేదాకా తెచ్చాను. సంతాపం ఫ్లెక్సీకి వచ్చిన ఒక కొడుకు, తండ్రి వేళ్ల మధ్య బీడీ తీసెయ్యమన్నాడు. తీసి, అక్కడ గులాబీ పెట్టాను. బతికినన్నాళ్లు పువ్వు మొహం చూడని ఆ మనిషి, పోయాక గులాబీ పట్టుకుని చౌరస్తాలో దశదినకర్మ దాకా నవ్వాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ముచ్చట ఆ తుడుపు దగ్గరే మొదలైంది.

ఆ జూన్‌లోనే సదానందం సారు వచ్చారు. మాకు రెండు గల్లీల అవతల ఉన్న ప్రైమరీ స్కూలుకు హెడ్మాస్టరు. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ ఎంత బిగువంటే, ఆయన కూర్చున్న కాసేపటికి గానీ చొక్కా కూర్చునేది కాదు.

“తమ్మీ, మనం గూడ ప్రైవేటోళ్ల లెక్క పేపరు తియ్యాలె. నెల నెల. ముందట బడి వార్తలు, వెనక తల్లిదండ్రులకు ఆరోగ్య చిట్కాలు. పేరు గూడ పెట్టిన. బడి ముచ్చట.”

“మ్యాటర్ ఎవరు రాస్తరు సార్?”

“నేనే.”

“ఫొటోలు ఎవరు తీస్తరు?”

“నేనే.”

“ఫొటోలల్ల ఎవరుంటరు సార్?”

ఆయన నన్ను జాలిగా చూశారు.

అట్లా బడి ముచ్చట మొదలైంది. ఒకటే కాగితం, రెండు పేజీలు. ముందు పేజీలో సారు జెండా ఎగరేస్తుంటారు, సారు మొక్క నాటుతుంటారు, సారు పిల్లలకు గుడ్డు వడ్డిస్తుంటారు, గుడ్డు కూడా సారు వైపే చూస్తుంటుంది. ముందు పేజీ ఎప్పుడూ పొంగి పొర్లేది, వెనక పేజీ ఎప్పుడూ ఖాళీగా మిగిలేది. అట్లా మిగిలిన జాగాలో వేసేదాన్ని మా భాషలో ఫిల్లర్ అంటారు. పల్లం పూడ్చడానికి మొరం పోసినట్టు. ఆరోగ్య చిట్కాలన్నీ ఫిల్లర్లే. సారు ఫోన్లో ఎవరో పంపింది నాకు పంపేవారు, నేను పట్టినంత పట్టించి మిగిలింది కోసేసేవాణ్ని. ఎవరూ చదవరని ఇద్దరికీ గట్టి నమ్మకం.

చదవడం సంగతేమో గానీ, వాటిని తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ఈ భూమ్మీద ఒకతె ఉంది. ఆమె పేరు రజిత. మా కాంప్లెక్సు ఊడ్చి తుడిచేది. మొగుడు కేసముద్రం మార్కెట్లో హమాలీ, బస్తాలు మోస్తూ అక్కడే ఉండి అప్పుడప్పుడు వచ్చిపోతాడు. ఆమె బిడ్డ శ్రావ్య సారు బళ్లోనే మూడో తరగతి. రజితకు చదువు రాదు. పేపరు అచ్చయిన రోజున చేతిలో చీపురుతోనే నా దుకాణం ముందు నిలబడేది.

“అన్నా, బడి ముచ్చట వచ్చిందట గదా. జర వెనకదిక్కు చదివి చెప్పరాదే.”

“ముందుదిక్కు వద్దా చెల్లె? సారు ఈసారి మస్తు మంచిగ పడ్డడు.”

“సారును దినాం చూస్తనే ఉన్న. చిట్కా చెప్పు.”

చేతులు కడుక్కోవాలని చదివి వినిపించిన నెల, బిడ్డ చేతులు ఎంత తోమిందంటే చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లకు ఒక్క గీత దొరికేది కాదు. మొలకెత్తిన గింజలు మంచివని చదివిన నెల, వాళ్లింట్లో పెసలు, శనగలు, బబ్బెర్లు, డబ్బాలో మరిచిపోయిన చింతగింజలు సహా అన్నీ మొలకెత్తాయి. పొద్దుటి ఎండ ఎముకలకు బలమని చదివితే, ఆ పిల్లను మా కాంప్లెక్సు డాబా మీద వడియాల పక్కన నిలబెట్టింది.

“ఫిల్లరే అది, అంత సీరియస్‌గ తీసుకోకు,” అని ఒకసారి అన్నాను.

“ఏమో అన్నా. సదువుకున్న సార్లు ఊకెనే రాస్తరా?” అంది.

ఆగస్టు సంచికకు పెద్ద వార్త వచ్చింది. ఆ బళ్లో చదివి పైకొచ్చినవాళ్లు కొందరు చందాలేసుకుని ఆడపిల్లలకు కొత్త బాత్రూములు కట్టించారు. గులాబీ రంగు టైల్సు, టైలు టైలుకూ ఒక నెమలి. నీలం రంగు తలుపు. సారు తెచ్చిన ఫొటోలో రిబ్బను కత్తిరించిన పెద్దమనుషులు, పూలదండలు, పక్కన అప్పుడే నాటిన జానెడు మందారం మొక్క. వెనకాల తలుపుకు ఒక ఇత్తడి తాళం. వరంగల్ కోట తోరణాలకు తలుపులుండి ఉంటే వాటికి వేయాల్సిన తాళం అది.

“తమ్మీ, ఆ తాళం జర తీసెయ్యి. ఫొటోల మంచిగ కొడుతలేదు.”

“తాళమెందుకు సార్? మొన్ననే గదా ఓపెనింగైంది.”

“అందుకే ఏసిన. పోరగాండ్లను ఇడిస్తే వారం తిరగకముందే ఖరాబు చేస్తరు. టైల్సు చూసినవా? మా ఇంట్ల గూడ లేవు. పైనుంచి ఎవరన్న చూడనీకొస్తే మంచిగ చూపెట్టాలెనా, వద్దా?”

“మరి పిల్లలు సార్?”

“వెనక పాతయి లేవా?” అన్నారు, నా మాట మీద తలుపేసినట్టు.

బడి వెనక నేనెప్పుడూ చూడలేదు. తలుపు మీది నీలం రంగు ఎత్తి తాళం మీద నాలుగుసార్లు పూశాను. తాళం మాయమైంది. సారు తెర దగ్గరికి వంగి చూసి, “అబ్బ, ఏం చెయ్యివయ్యా నీది,” అన్నారు. అట్లా మెచ్చుకుంటే నేను ఓరుగల్లు కోటను కూడా తుడిచెయ్యగలను.

ఆ రోజు నుంచి అదొక రివాజైంది. ఆ టైల్సు సారుకు ఎంత నచ్చాయంటే, ఏ ఫొటో తీసినా వాటి ముందే. బతుకమ్మ పేర్చింది వాటి ముందే, వేపమొక్కలు పంచింది వాటి ముందే, లెక్కల్లో ఫస్టొచ్చిన పిల్లాడికి పెన్ను ఇచ్చింది వాటి ముందే. నెల నెలా తాళం ఫొటోలోకి వచ్చేది, నెల నెలా నేను తుడిచేవాణ్ని. ఆఖరికి కండ్లు మూసుకుని తుడిచేంత నేర్పు వచ్చింది.

అక్టోబరు చిట్కా నీళ్ల మీద. “పిల్లలకు నీళ్లు బాగా తాగించండి. బడికి సీసా ఇచ్చి పంపండి.” అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కింద రెండు లైన్ల జాగా మిగిలింది సార్ అని నేనన్నాను. సారు లేచి నిలబడి, కండ్లు మూసుకుని, సొంత కవిత్వం చెప్పారు.

“రాసుకో. ఖాళీ సీసాతో ఇంటికొచ్చే బిడ్డే ఆరోగ్యవంతమైన బిడ్డ.”

రెండు లైన్లూ సరిగ్గా నిండాయి. సారుకు ఆ మాట ఎంత ముద్దొచ్చిందంటే, బళ్లో దానికొక కార్యక్రమమే పెట్టారు. సాయంత్రం ఇంటిగంటకు ముందు పిల్లలందరూ వరసలో నిలబడి సీసా మూత తీసి తలకిందులు చెయ్యాలి. చుక్క రాలితే ఆ క్లాసుకు చప్పట్లు లేవు. దానికి సీసా పరేడ్ అని పేరు. నవంబరు సంచికలో ముందు పేజీ బొమ్మ అదే. పిల్లలంతా సీసాలు బోర్లా పట్టుకుని, వెనకాల నెమళ్లు, నేను తుడిచిన తలుపు, పక్కన మోకాలెత్తు పెరిగిన మందారం.

రజిత బిడ్డకు సీతాకోకచిలుక మూతున్న ఊదారంగు సీసా కొనిచ్చింది. రోజూ సాయంత్రం దాన్ని నా కీబోర్డు మీద బోర్లించి ఊపేది.

“అగో చూడన్నా, చుక్క లేదు! నా బిడ్డ బంగారం!” అని అక్కడే శ్రావ్యకు ముద్దు పెట్టేది.

“బంగారమే గానీ, నా కీబోర్డును ఇడువు తల్లీ.”

శ్రావ్య బక్కపలచని పిల్ల. బడి వదలగానే మా కాంప్లెక్సుకే వచ్చేది. వచ్చేదంటే, దూసుకొచ్చేది. నన్నూ చూడదు, తల్లినీ చూడదు. బ్యాగు మెట్ల దగ్గర విసిరేసి వాచ్‌మన్ గది పక్కనున్న బాత్రూముకు ఒకటే పరుగు. కాజీపేట జంక్షన్‌లో రైలు కదిలిపోతుంటే పరుగెత్తే ప్రయాణికులు కూడా ఆమె ముందు దిగదుడుపే. “వచ్చింది సూపర్‌ఫాస్టు, జరగుండ్రి,” అని నేను అరిచేవాణ్ని, జిరాక్సుకు వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. రోజూ నవ్వాం.

మందారం మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది. డిసెంబరుకు సారు నడుముదాకా, జనవరికి భుజందాకా. ఒక్కో పువ్వు ఇడ్లీ ప్లేటంత. ఇంకో రెండు నెలలు ఆగితే ఏటూరునాగారం అడవి నుంచి పులులు కాపురానికి వస్తాయని నేను సారుకు చెప్పాను. ఆయన సంతోషంగా “పచ్చదనంలో మన బడి” అని హెడ్డింగు పెట్టించారు.

ఫిబ్రవరిలో మేడారం జాతర. ఆ నెల డీటీపీ వాళ్లకు అన్నం తినే తీరిక ఉండదు. నేను జాతర ఫ్లెక్సీల్లో మునిగి ఉంటే, రజిత రాలేదు. జాతరకే పోయిందనుకున్నాను. బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. బంగారమంటే కంగారుపడకండి, సమ్మక్క సారలమ్మలకు మనిషి బరువుకు సరిగ్గా తూచి ఇచ్చే బెల్లాన్ని మావైపు బంగారమంటారు. జాతర కాదు, పెద్ద దవాఖానలో ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

నేను పోయేసరికి శ్రావ్య మంచం మీద దుప్పటి మడతలాగా ఉంది. చేతికి సెలైన్. చలిజ్వరం, నడుంనొప్పి, వాంతులు. డాక్టరమ్మ అప్పుడే వార్డుకు వచ్చింది.

“యూరిన్ ఇన్‌ఫెక్షన్ పైకి పాకి కిడ్నీ దాకా పోయింది. ఎన్నాళ్ల నుంచో ఉండొచ్చు. నీళ్లు తాగిస్తలేవా అమ్మా?”

“అయ్యో, దినాం సీసెడు తాగుతది మేడం. ఖాళీ సీసనే తెస్తది. చుక్క మిగలదు.”

“నీళ్లు మంచిగ తాగే పిల్లకు ఇంత దూరం రాదమ్మా. నా దగ్గర ఎందుకు అబద్ధం? మీరు పనులల్ల పడి పిల్లలను పట్టించుకోరు, ఆఖరికి మా దగ్గరికి తెస్తరు.”

రజిత కొంగు ముడి విప్పి, నలిగిపోయిన బడి ముచ్చట తీసి, వెనక పేజీ డాక్టరమ్మకు చూపించింది. “గీడ రాసిందంత చేసిన మేడం. మా అన్న చదివి చెప్పిండు. అడుగుండ్రి.” డాక్టరమ్మ అప్పటికే పక్క మంచం దగ్గరికి పోయింది. శ్రావ్య గోడవైపు తిరిగి పడుకుంది.

జ్వరం తగ్గాక స్కాన్ తీశారు. ఒక కిడ్నీ మీద మచ్చలాగా కనబడుతోందట. అది పోవచ్చు, ఉండిపోవచ్చు. ఉండిపోతే పెద్దయ్యాక బీపీ వచ్చే ముప్పుంది, ఆరేసి నెలలకు చూపించుకుంటూ ఉండాలన్నారు. “ఎత్తు బంగారం తూగుదామనుకున్న, బిడ్డే సగమైంది,” అంది రజిత ఇంటికొచ్చాక. అంతకంటే ఎక్కువగా ఆమెను కాల్చిన మాట ఇంకొకటుంది. “నేను నీళ్లు తాపలేదంట అన్నా. దవాఖానల అందరు ఇన్నరు.” మొగుడు కేసముద్రం నుంచి వచ్చి అదే మాట అన్నాడు. అత్త ఫోన్ చేసి అదే అంది.

మార్చి సంచికకు సారు మ్యాటర్ తెచ్చారు. అందులో ఇట్లా ఉంది. “ఇటీవల మూడో తరగతి విద్యార్థిని ఒకరు తగినన్ని నీళ్లు తాగక తీవ్ర అనారోగ్యం పాలైంది. బడి ఎన్ని సూచనలు చేసినా కొందరు తల్లులు నిర్లక్ష్యం వీడడం లేదు.”

“ఇది రజిత బిడ్డ గురించే గదా సార్?”

“పేరు రాసిన్నా?”

“మూడో తరగతిల దవాఖానల పడ్డది ఒక్కతే సార్. పేపరు పోయేది ఆ గల్లీకే.”

“తమ్మీ, చిట్కా ఇచ్చుడు మన బాధ్యత. ఇచ్చినం. సీసా పరేడ్ గూడ పెట్టినం. ఇంటికాడ తాపకపోతే బడికేం సంబంధం? రేపు ఎవరన్న అడిగితే మన దిక్కు నుంచి కాగితం ఉండాలె.” ఫొటో కూడా ఇచ్చారు. పిల్లలందరినీ నెమళ్ల ముందు నిలబెట్టి, తాను మధ్యలో. పక్కన మందారం సారు తల దాటింది. “తాళం మరిచిపోకు,” అని వెళ్లారు.

ఆ మధ్యాహ్నం రజిత పైఅంతస్తు తుడుస్తోంది. శ్రావ్యకు ఇంకా నీరసం తగ్గలేదు, బడికి పోవడం లేదు. నా పక్కన యూపీఎస్ మీద కూర్చుని తెర చూస్తోంది. నేను నీలం రంగు ఎత్తి తాళం మీద పూస్తున్నాను.

“ఏం తుడుస్తానవ్ మామా?”

“తాళం బిడ్డా.”

“ఎందుకు?”

“మీ సారు తుడువుమన్నడు.”

“మరి బడికాడ గూడ తుడువరాదు?”

నాకు నవ్వొచ్చింది. “ఎందుకే?”

“ఒంటికి పోనీకి.”

“వెనక పాతయి ఉన్నయట గదా?”

“అండ్ల కప్పు కూలింది. తలుపులు లేవు. మగపోరగాండ్లు గోడకాడికి పోతరు.”

“మరి మీరు?”

“మేం ఇంటికాడికొచ్చినంక పోతం.”

“గన్ని నీళ్లు తాగి, పొద్దుగూకేదాక ఎట్ల ఆపుకుంటరే?”

“తాగం గదా మామా.” ఇంత చిన్న విషయం నాకు తెలియకపోవడం ఆమెకు వింతగా ఉంది. “మందారానికి పోస్తం. ఆడపిల్లలందరం. ఇంటిగంట కంటె ముందే పొయ్యాలె. లేకుంటే మా క్లాసుకు చప్పట్లు రావు.”

తెర మీద సారు నవ్వుతున్నారు, మందారం ఆయన తల మీద గొడుగు పట్టింది. తలుపు దగ్గర చప్పుడైతే తిరిగి చూశాను. రజిత తడిబట్ట చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. బట్ట నుంచి నీళ్లు ఆమె కాళ్ల మీద కారుతున్నాయి.

“నాకెందుకు చెప్పలేదే?” అంది బిడ్డను.

శ్రావ్య తల దించుకుంది. “ఖాళీ సీస తెస్తే ముద్దు పెట్టుకుంటవు గదా.”

నేను ఎన్నో ఫ్లెక్సీలకు కన్నీటి చుక్కలు గీశాను. రజిత కంట్లో మాత్రం ఒక్కటీ రాలేదు. తెర దగ్గరికొచ్చి, తలుపు మీద నేను పూసిన నీలం రంగు దగ్గర వేలు పెట్టింది.

“తాళం గీడుంటది గదా అన్నా?”

“ఉంటది.”

“మల్ల తేవొస్తదా?”

మా దగ్గర కంట్రోల్ జెడ్ అని ఒక మీట ఉంది. చేసిన పనిని వెనక్కి తీసుకుంటుంది. నొక్కాను. ఒక్కో పూత ఊడిపోయి ఇత్తడి తాళం మెల్లగా బయటికొచ్చింది. బయటికి రావడమే కాదు, ఫొటోను పేజీ అంచుల దాకా సాగదీశాను. ఫొటో పెద్దదైతే మ్యాటర్‌కు జాగా ఉండదు. నిర్లక్ష్యపు తల్లుల ముచ్చట పట్టలేదు. ఇంతకంటే మర్యాదైన ఎత్తుగడ మా వృత్తిలో లేదు.

అచ్చుకు ముందు గిరాకీకి చూపించే నమూనాను ప్రూఫ్ అంటాం. ఇన్నేళ్లలో నేను గమనించింది ఏమిటంటే, ప్రూఫ్‌లో ఏ మనిషైనా తన పేరు, తన మొహం చూసుకుంటాడు, మిగతాది దేవుడికి వదిలేస్తాడు. సారుకు ఫోన్లో పంపాను. వెంటనే బొటనవేలు బొమ్మ వచ్చింది.

పేపరు అచ్చయింది, పిల్లల చేతుల్లో ఇళ్లకు పోయింది. ఒక్కరూ తాళం గమనించలేదు. పెద్దగా, నిగనిగలాడుతూ, నెమళ్ల మధ్య ఉన్నా సరే. రజితే ఇల్లిల్లూ తిరిగింది. చదువొచ్చిన తల్లుల ముందు కూడా కాగితం పెట్టి, తాళం మీద వేలు పెట్టి, “మీ బిడ్డనడుగు, నీళ్లేం చేస్తాందో,” అని ఒక్క మాటే చెప్పి వచ్చేసిందట. ఆ రాత్రి ఆ గల్లీలో ఎంతమంది తల్లులు అడిగారో, ఎంతమంది పిల్లలు తల దించుకున్నారో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే సారు నా దుకాణానికి వచ్చారు. ఆయన చొక్కా మడత పడగా చూడడం అదే మొదటిసారి.

“తాళం కనబడ్డది!”

“ఉన్నది గద సార్. కనబడ్డది.”

“నా పరువేం గావాలె? పైవాళ్లు చూస్తే?”

ఆ పిల్ల ఎట్లా ఉందని అడుగుతారేమోనని ఎదురుచూశాను. అడగలేదు. ఫోన్ మోగింది. బడి గేటు దగ్గర తల్లులు నిలబడ్డారట. ఆయన వెనకే నేనూ పోయాను. రజిత ముందుంది, మిగతావాళ్లు ఆమె చుట్టూ.

“తాళం తియ్యి సారూ,” అంది రజిత.

“తీస్తనమ్మా, తీస్తే కడిగేదెవరు? మాకు ఊడ్చే మనిషి లేదు. నేను కడగాల్నా? టీచర్లు కడగాల్నా? ఎవరికంత ఫికరుంటే వాళ్లే కడుక్కోవాలె.”

తల్లులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కూడా నా చెప్పులు చూసుకున్నాను, చాలా శ్రద్ధగా. రజిత చెయ్యి చాపింది.

“తే.”

ఇప్పుడు రోజూ పొద్దున మా కాంప్లెక్సుకు రాకముందే ఆ బడికి పోయి, తాళం తీసి, నెమళ్లను కడిగి వస్తుంది. తాళంచెయ్యి పుస్తెలతాడుకు పిన్నీసుతో పెట్టుకుంటుంది. జీతమా? అడిగితే మళ్లీ తాళం పడుతుందని అడగలేదు. తన బిడ్డ కిడ్నీ మీద మచ్చ పెట్టిన తలుపును తనే తుడుస్తోంది. నేను ఎంత పెంచి చెప్పే మనిషినైనా దీనికి ఒక్క వెంట్రుకవాసి కూడా కలపలేదు, కలిపే అవసరం రాలేదు.

సారు నా దగ్గరికి రావడం మానేశారు. హనుమకొండ చౌరస్తాలో ఇంకో దుకాణం పట్టుకున్నారు. ఎండకాలం సెలవులయ్యి బళ్లు మళ్లీ తెరిచాక కొత్త సంచిక వచ్చింది. రజిత ఎప్పటిలాగే తెచ్చి నా ముందు పెట్టింది.

“జర చదివి చెప్పరాదే అన్నా. ఈసారి ముందుదిక్కు గూడ.”

చదివాను. “హెడ్మాస్టరు గారి ప్రత్యేక చొరవతో బాలికలకు అందుబాటులోకి వచ్చిన అధునాతన మరుగుదొడ్లు.” ఆమె పేరు ఎక్కడా లేదు. వెనక చిట్కా, “పిల్లలు మూత్రాన్ని ఎక్కువసేపు ఆపుకోరాదు. తల్లులు ఈ విషయంలో శ్రద్ధ వహించాలి.” రజిత నవ్వింది. ఆ నవ్వు వింటూ కూర్చోవడం కష్టమైంది.

ఫొటోలో ఈసారి తాళం తుడిచే అవసరం రాలేదు. కానీ నా కన్ను వేరేచోట ఆగింది. మందారం ఆకులన్నీ ఒకటే పచ్చ, ఒకే ఆకును ఎత్తి వంద చోట్ల అతికించినట్టు. మా పనివాళ్ల చెయ్యి మాకు తెలుస్తుంది.

“మందారం నిజంగ గింత పచ్చగున్నదా చెల్లె?”

“యాడిదన్నా? ఎండకాలంలనే ఎండి కట్టెలైంది. దానికెవరు పోస్తాన్రు నీళ్లు?”

ఒక చెట్టు చచ్చిపోయిందని విని నేను సంతోషపడడం అదొక్కసారే. ఈ ముచ్చట నాకు నేర్పిందేమిటని అడిగితే, పెద్దగా ఏమీ లేదు. బట్టతలలు, పొట్టలు ఇప్పటికీ తుడుస్తున్నాను. మనిషి కాక వస్తువును తుడవమని ఎవరైనా తెస్తే మాత్రం, అది ఉన్నచోటికి పోయి ఒకసారి చూసొస్తాను. ఆ చూసి రావడం వల్ల చాలా గిరాకీలు పోయాయి. ఇక ఖాళీ జాగా మిగిలితే ఖాళీగానే వదిలేస్తాను, రెండు లైన్లైనా సరే.

స్కాన్‌లో మచ్చ అట్లాగే ఉందట. సాయంత్రం శ్రావ్య బడి నుంచి నడిచి వస్తోంది, పరుగెత్తడం లేదు. ఒక్కోరోజు ఊదారంగు సీసాలో సగం నీళ్లు మిగిలే ఉంటాయి. రజిత మూత తీసి చూస్తుంది, ఏమీ అనదు, బిడ్డకు ముద్దు పెడుతుంది.